పేరు జేపీజీ, లోపల ఇంకేదో: ఫొటో ఫైళ్లపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: గవర్నర్‌పేటలో మాకు డీటీపీ సెంటర్ ఉంది. పెళ్లి కార్డులకి, వర్ధంతి ప్రకటనలకి కస్టమర్లు పెన్‌డ్రైవ్‌లో ఇస్తున్న ఫొటోల పేర్ల చివర హెచ్‌ఈఐసీ అని ఉంటోంది. దాన్ని చెరిపి జేపీజీ అని పెట్టినా మా పాత ఫొటోషాప్ తెరవడం లేదు. పేజీలు కట్టే పేజ్‌మేకర్ సంగతి సరేసరి. దారేది? (విజయవాడ)

జవాబు: పేరు మార్చడమంటే గోంగూర జాడీ మీద ఆవకాయ చీటీ అంటించడమే. ఫైల్ ఏ రకమో నిర్ణయించేది చివరి మూడు నాలుగు అక్షరాలు కావు, లోపల మొదట్లో ఉండే గుర్తు. అనుమానం వస్తే ఫైల్‌కి ఒక కాపీ తీసి, ఆ కాపీని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. పిచ్చి గీతల మధ్య మొదటి వరసలో ఇంగ్లిష్ అక్షరాలు కొన్ని కనపడతాయి. ‘ఎఫ్‌టీవైపీ’, దాని వెంటనే ‘హెచ్‌ఈఐసీ’ ఉంటే అది హెచ్‌ఈఐసీ, ఎక్కువగా ఐఫోన్ ఫొటోనే. ‘ఆర్‌ఐఎఫ్‌ఎఫ్’, కాస్త ఆగి ‘వెబ్‌పీ’ ఉంటే వెబ్‌సైట్ నుంచి దించింది. ‘జేఎఫ్‌ఐఎఫ్’ గానీ ‘ఎగ్జిఫ్’ గానీ మొదట్లోనే ఉంటే అసలైన జేపీజీ. చూశాక సేవ్ చేయకుండా మూసేయండి. నోట్‌ప్యాడ్‌లో సేవ్ కొట్టారంటే ఆ కాపీ ఇక ఎందుకూ పనికిరాదు.

ఈ హెచ్‌ఈఐసీ ఎక్కడి నుంచి వచ్చిందంటే, దీనికి మూలమైన హెచ్‌ఈఐఎఫ్ అనే ప్రమాణం 2015లో సిద్ధమైంది. 2017లో ఐఓఎస్ 11తో ఆపిల్ దాన్ని ఫోన్లలోకి తెచ్చింది. ఐఫోన్ 7 నుంచి కెమెరా మామూలుగా ఇందులోనే తీస్తుంది. అదే ఫొటో జేపీజీలో తీసుకునే చోటులో ఇంచుమించు సగం చాలు కాబట్టి ఫోన్ కంపెనీకి లాభం. లోపల బొమ్మను కుదించే పద్ధతి వీడియోలకు వాడే హెచ్‌ఈవీసీ. దానికి పేటెంట్ రుసుములున్నాయి. అందుకే విండోస్‌లో ఇది రెండు ముక్కలుగా దొరుకుతుంది. మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో హెచ్‌ఈఐఎఫ్ ఇమేజ్ ఎక్స్‌టెన్షన్స్ ఉచితం, హెచ్‌ఈవీసీ వీడియో ఎక్స్‌టెన్షన్స్‌కి కొద్దిపాటి డబ్బు కట్టాలి. మొదటిది మాత్రమే వేసుకుని ‘అయినా తెరవడం లేదు’ అని తల పట్టుకునేవాళ్లే ఎక్కువ. రెండూ కావాలి. రెండూ వేసుకుంటే విండోస్‌లో కొత్త ఫొటోషాప్ కూడా ఈ ఫైళ్లను తెరుస్తుంది. మీ దగ్గరున్న ఫొటోషాప్ 7 కాలం నాటి సాఫ్ట్‌వేర్‌కి మాత్రం ఎన్ని వేసినా లాభం లేదు. పేజ్‌మేకర్ చివరి పెద్ద వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. అప్పటికి ఈ ఫార్మాట్లు పుట్టనే లేదు.

కాబట్టి కౌంటర్ దగ్గరే మార్చేసుకోవడం మేలు. ఒకటి రెండు ఫొటోలైతే గింప్ అనే ఉచిత ఫొటో ఎడిటర్ చాలు. 2.10.2 వెర్షన్ నుంచి హెచ్‌ఈఐసీని తెరుస్తుంది, వ్యాపారానికి వాడినా పైసా అడగదు. పదుల సంఖ్యలో వస్తే ఎక్స్‌ఎన్‌కన్వర్ట్ అనే కన్వర్టర్ వాడండి. ఇన్‌పుట్ ట్యాబ్‌లోకి ఫోల్డర్ లాగి వదలండి, అవుట్‌పుట్ ట్యాబ్‌లో జేపీజీ ఎంచుకోండి, దాని సెట్టింగ్స్‌లో క్వాలిటీ 92 దగ్గర పెట్టండి, మెటాడేటా (ఎప్పుడు, ఎక్కడ తీశారో లాంటి వివరాలు), ఐసీసీ ప్రొఫైల్ (రంగుల్ని ఎలా చదవాలో చెప్పేది) ఉంచమనే గడుల్లో టిక్ ఉందో లేదో చూడండి, వేరే ఫోల్డర్‌లోకి పంపండి. ఇంట్లో వాడుకోవడానికి ఇది ఉచితమే గానీ షాపులో వాడాలంటే లైసెన్స్ కొనాలి. క్వాలిటీ 100 పెట్టాలనే మోజు వద్దు. ఫైల్ రెట్టింపవుతుంది, కంటికి తేడా కనపడదు. అలాగని 75కి దిగితే జుట్టు, పట్టుచీర అంచు లాంటి సన్నని వివరాల చుట్టూ మసక మచ్చలు మొదలవుతాయి.

ఇక అనూ ఫాంట్లతో పేజ్‌మేకర్‌లోనే కార్డు కట్టేవాళ్లు: ఆఫ్‌సెట్ ప్రింటుకి వెళ్లే పనైతే ఆ జేపీజీని నేరుగా పేజీలో పెట్టొద్దు. ఫొటోషాప్‌లో తెరిచి, కార్డులో ఫొటో ఎన్ని అంగుళాలు ఉంటుందో ఆ సైజుకి 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) చేసి, రంగుల దిద్దుబాటు పూర్తయ్యాక సీఎంవైకేకి (ప్రింటింగ్‌లో వాడే నాలుగు సిరా రంగుల పద్ధతికి) మార్చి, టిఫ్‌గా సేవ్ చేసి అప్పుడు ప్లేస్ చేయండి. రెండు అంగుళాల వెడల్పు ఫొటోకి 600 పిక్సెళ్లు సరిపోతాయి. ఐఫోన్ ఇచ్చే 12 మెగాపిక్సెల్ ఫొటోలో కూడా పొడవు వైపు 4032 పిక్సెళ్లు ఉంటాయి గనక అక్కడ ఇబ్బందేమీ రాదు.

ప్రశ్న: మంగళగిరి చేనేత చీరలు ఆన్‌లైన్‌లో అమ్ముతాను. ఐఫోన్‌లో చూస్తే రంగు అచ్చం చీరలాగే ఉంటుంది. జేపీజీకి మార్చి వెబ్‌సైట్‌లో పెట్టగానే వెలిసిపోతోంది. మిరపపండు ఎరుపు కాస్తా ఇటుక రంగవుతోంది. ‘ఫొటోలో ఒకటి, పార్సిల్‌లో ఒకటి’ అని చీరలు తిరిగొస్తున్నాయి. (గుంటూరు)

జవాబు: ఇందులో రెండు వేర్వేరు జబ్బులుంటాయి, మందులూ వేరు. ముందు ఏదో తేల్చుకోండి. చీర మొత్తం రంగు నీరుగారితే ప్రొఫైల్ పోయినట్టు. రంగులు బాగానే ఉండి నిజాం అంచు జరీ మీద తళుకు మాత్రం చప్పబడితే అది హెచ్‌డీఆర్ (వెలుగు తేడాలను ఎక్కువగా చూపే పద్ధతి) వ్యవహారం.

మొదటిది చూద్దాం. ఐఫోన్ 7 నుంచి ఫొటోలు డిస్‌ప్లే పీ3 అనే విశాలమైన రంగుల పరిధిలో నమోదవుతాయి. వెబ్‌సైట్లు, పాత మానిటర్లు, ఫొటో ల్యాబులు అలవాటు పడింది ఎస్ఆర్‌జీబీ అనే చిన్న పరిధికి. ఒక్కో పిక్సెల్‌లో ఉండేది ఉత్త అంకెలే. ఆ అంకెల్ని ఏ పరిధిలో చదవాలో చెప్పేది ఫైల్‌కి అంటుకుని ఉండే ఐసీసీ ప్రొఫైల్. చాలా ఉచిత కన్వర్టర్లు ఫైల్ చిన్నది చేయాలన్న తొందరలో ఆ ప్రొఫైల్‌ని పీకేస్తాయి. అప్పుడు పీ3 అంకెల్ని బ్రౌజర్లు ఎస్ఆర్‌జీబీ అనుకుని చదువుతాయి, ఎరుపు, చిలకపచ్చ, నెమలికంఠం అన్నీ పాలిపోతాయి. బాగా ముదురు రంగులకే దెబ్బ ఎక్కువ. క్రీమ్, బూడిద రంగు చీరల్లో తేడా అంతగా తెలియదు. అందుకే కొన్ని చీరల మీదే ఫిర్యాదులు రావచ్చు.

ఫొటోషాప్ ఉంటే ఎడిట్ మెనూలో ‘కన్వర్ట్ టు ప్రొఫైల్’ తెరిచి ఎస్ఆర్‌జీబీ ఎంచుకుని, జేపీజీగా ఎగుమతి చేసేటప్పుడు ప్రొఫైల్‌ని జత చేయమనే గడి టిక్ చేయండి. పక్కనే ‘అసైన్ ప్రొఫైల్’ అని ఇంకోటి ఉంటుంది. దాని జోలికి వెళ్లొద్దు. కన్వర్ట్ అంకెల్ని మార్చి రంగుని నిలబెడుతుంది. అసైన్ అంకెల్ని అలాగే వదిలి అర్థాన్ని మార్చేస్తుంది, మీ చీరకి ఇప్పుడు జరుగుతున్న అన్యాయం సరిగ్గా అదే. పీ3లో ఉండి ఎస్ఆర్‌జీబీలో లేని ఎరుపులు కొన్ని ఎలాగూ కొద్దిగా తగ్గుతాయి. కానీ అది ఇటుక రంగుదాకా పోయే తగ్గుదల కాదు.

రెండోది. ఇటీవలి ఐఫోన్లు ఫొటోతో పాటు వెలుగు పెంచే ఒక అదనపు పొరను కూడా దాస్తాయి. ఫోన్ తెర ఆ పొరని చదివి జరీని, దీపాలని మామూలు తెలుపు కన్నా ఎక్కువ వెలుతురుతో చూపిస్తుంది. మామూలు జేపీజీకి మార్చగానే ఆ పొర రాలిపోతుంది. దాన్ని వెబ్‌సైట్‌లో నిలబెట్టుకునే నమ్మకమైన మార్గం కోసం వెతకడం కన్నా, సెట్టింగ్స్‌లో ఫొటోస్ కింద ‘వ్యూ ఫుల్ హెచ్‌డీఆర్’ ఆపేయడం తెలివైన పని. అప్పుడు మీ ఫోన్‌లో కనిపించేదీ కొనేవాళ్లు చూసేదీ ఇంచుమించు ఒకటే అవుతాయి, మీరు దాన్నిబట్టే వెలుతురు దిద్దుకోవచ్చు. ఇంకోమాట: ట్యూబ్‌లైట్ ఒక పక్క, కిటికీ వెలుతురు ఒక పక్క పడుతున్న చోట తీసిన చీర రంగుని ఏ ప్రొఫైలూ కాపాడలేదు.

ప్రశ్న: బ్యాంకు పరీక్షకి దరఖాస్తు చేస్తున్నాను. ఫొటో 20 నుంచి 50 కేబీ, సంతకం 10 నుంచి 20 కేబీ, రెండూ జేపీజీ ఉండాలట. ఫోన్ ఫొటో 2 ఎంబీ ఉంది. ఏదో యాప్‌లో తగ్గిస్తే 12 కేబీకి పడిపోయి ‘సైజు తక్కువ’ అంటోంది. (బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: బ్యాంకు పరీక్షలు నిర్వహించే ఐబీపీఎస్ కొలతలు ఫొటోకి 200 x 230 పిక్సెళ్లు, సంతకానికి 140 x 60. అంత చిన్న బొమ్మ మామూలు క్వాలిటీలో 20 కేబీ తూగదు, అదే మీకు తగిలిన చిక్కు. వరస ముఖ్యం: ముందు కత్తిరించాలి, తర్వాత పిక్సెళ్లు తగ్గించాలి, చివర్లో క్వాలిటీతో కేబీలు సర్దాలి.

ఐఫోనైతే ముందు ఫొటోని ఫైల్స్ యాప్‌లోకి సేవ్ చేసి, దాని మీద వేలు నొక్కి పట్టి ‘క్విక్ యాక్షన్స్’, ‘కన్వర్ట్ ఇమేజ్’, జేపీజీ ఎంచుకోండి. ఐఓఎస్ 16 నుంచి ఈ సదుపాయం ఉంది. ఆ జేపీజీని కంప్యూటర్‌లో ఇర్ఫాన్‌వ్యూ అనే ఫొటో సాఫ్ట్‌వేర్‌లో తెరవండి. తల, భుజాలు వచ్చేలా 200కి 230 నిష్పత్తిలో కత్తిరించండి. నిష్పత్తి చూసుకోకుండా నేరుగా కొలతలు దిగ్గొడితే ముఖం సాగిపోతుంది. కంట్రోల్-ఆర్ నొక్కి 200 x 230 ఇవ్వండి. సేవ్ యాజ్‌లో జేపీజీ ఎంచుకుంటే పక్కన క్వాలిటీ పట్టీ వస్తుంది. 95 పెట్టి సేవ్ చేసి సైజు చూడండి. తక్కువుంటే 100 పెట్టండి. ఫొటో దాంతో సరిపోవచ్చు గానీ సంతకం 100 పెట్టినా 10 కేబీ దాటకపోవచ్చు, ఎందుకంటే తెల్ల కాగితం మీద నాలుగు గీతల్లో కుదించడానికి పెద్దగా ఏమీ ఉండదు. అప్పుడు అదే నిష్పత్తిలో 280 x 120 చేయండి. నోటిఫికేషన్‌లో ఆ పిక్సెళ్లు ‘ఇలా ఉంటే మంచిది’ అన్నట్టే ఉంటాయి, కేబీల దగ్గర మాత్రం మినహాయింపు లేదు. అప్పటికే 12 కేబీకి పడిపోయిన ఫొటోని మళ్లీ పెంచే ప్రయత్నం మానండి. ఫోన్‌లో ఉన్న అసలు ఫొటోతోనే మొదలుపెట్టాలి.

మరో జాగ్రత్త. సంతకం, ఆధార్, పాన్ కార్డు లాంటివి ‘ఉచితంగా మారుస్తాం’ అనే వెబ్‌సైట్లలోకి ఎక్కించొద్దు. అవి మీ ఫైల్‌ని ఎవరిదో సర్వర్‌కి పంపి మారుస్తాయి. బ్రౌజర్‌లో మార్చుకోవాలంటే స్క్వూష్ అనే సైట్ నయం, పని మొత్తం మీ కంప్యూటర్‌లోనే జరుగుతుంది. అయితే క్రోమ్‌లో అది హెచ్‌ఈఐసీని చదవదు, జేపీజీ చేశాకే ఇవ్వాలి.

ప్రశ్న: ఐఫోన్‌ని కేబుల్‌తో విండోస్ కంప్యూటర్‌కి కలిపి ఫొటోలు కాపీ చేస్తుంటే సగంలో ‘ఎ డివైస్ అటాచ్డ్ టు ద సిస్టమ్ ఈజ్ నాట్ ఫంక్షనింగ్’ అని ఆగిపోతోంది. కేబుల్ మార్చినా అంతే. (పటమట, విజయవాడ)

జవాబు: కేబుల్ తప్పు కాదు. ఫోన్‌లో ఫొటోస్ సెట్టింగ్స్ చివర ‘ట్రాన్స్‌ఫర్ టు మ్యాక్ ఆర్ పీసీ’ కింద ‘ఆటోమేటిక్’ ఉండి ఉంటుంది. అలా ఉంటే కాపీ అవుతుండగానే ఫోన్ ఒక్కో ఫొటోని జేపీజీకి మార్చి ఇవ్వాలి. వందల ఫొటోలు వరసగా అడిగేసరికి ఎక్కడో తడబడుతుంది, విండోస్ పరికరమే పోయిందనుకుంటుంది. ‘కీప్ ఒరిజినల్స్’ ఎంచుకుని, కేబుల్ తీసి మళ్లీ పెట్టండి. హెచ్‌ఈఐసీలు ఉన్నవి ఉన్నట్టు వస్తాయి, మార్పిడి కంప్యూటర్‌లో చేసుకోవచ్చు. వాటితో పాటు ఏఏఈ అనే చిన్న ఫైళ్లు కూడా వస్తాయి. అవి ఫోన్‌లో చేసిన ఎడిటింగ్ వివరాలు, ఫొటోలు కావు, తెరవాలని చూడకండి. పేరులో ఐఎంజీ తర్వాత ‘ఈ’ ఉన్నవి ఎడిట్ అయిన కాపీలు.

ఇక మీదట తీసేవైనా జేపీజీలోనే కావాలంటే కెమెరా సెట్టింగ్స్‌లో ఫార్మాట్స్ కింద ‘మోస్ట్ కంపాటిబుల్’ పెట్టండి. శాంసంగ్‌లో అయితే కెమెరా సెట్టింగ్స్‌లో ‘హై ఎఫిషియెన్సీ పిక్చర్స్’ ఆపాలి. పాత ఫొటోలు దీనివల్ల మారవు.

ప్రశ్న: మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. శాంపిల్ ఫొటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే తాలు కాయ ఎంతుందో అవతలివాళ్లకి తెలియడం లేదు. డాక్యుమెంట్‌గా పంపితే కొందరికి అసలు తెరుచుకోవడం లేదు. (గుంటూరు)

జవాబు: ఫొటోగా పంపితే వాట్సాప్ దాన్ని జేపీజీ చేస్తుంది గానీ బాగా కుదించేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపితే ముట్టుకోదు, హెచ్‌ఈఐసీ హెచ్‌ఈఐసీగానే పోతుంది. పైన చెప్పినట్టు ఫైల్స్ యాప్‌లో జేపీజీకి మార్చి, సైజు అడిగినప్పుడు అసలు సైజే ఎంచుకుని, ఆ జేపీజీని డాక్యుమెంట్‌గా పంపండి. తొందరుంటే హెచ్‌డీ గుర్తు నొక్కి ఫొటోగా పంపినా మామూలు దానికన్నా నయం. డాక్యుమెంట్‌గా పంపిన ఫొటోలో ఎక్కడ తీశారో ఆ లొకేషన్ కూడా ఉండిపోతుంది. సరుకు ఏ కోల్డ్ స్టోరేజీలో ఉందో అందరికీ తెలియకూడదనుకుంటే, ఫైల్స్‌లోకి సేవ్ చేసేముందు షేర్ తెర పైన ‘ఆప్షన్స్’లో లొకేషన్ ఆపండి.

ప్రశ్న: ఫ్లెక్సీలు వేస్తాం. గూగుల్‌లో దొరికిన బొమ్మ సేవ్ చేస్తే వెబ్‌పీ వస్తోంది. ఒక్కోసారి పేరు జేపీజీ అనే ఉన్నా కోరల్‌డ్రా ఒప్పుకోదు. ఇంకోటి, దేవుడి బొమ్మ చుట్టూ ఖాళీగా ఉండాల్సింది జేపీజీ చేయగానే నల్లగా వస్తోంది. (వన్‌టౌన్, విజయవాడ)

జవాబు: వెబ్‌పీని గూగుల్ 2010లో తెచ్చింది, వెబ్‌పేజీలు త్వరగా తెరుచుకోవడానికి. చాలా సైట్ల దగ్గర ఒకే చిరునామాలో రెండు మూడు రకాల ఫైళ్లు సిద్ధంగా ఉంటాయి. అడిగిన బ్రౌజర్ వెబ్‌పీ చదవగలనంటే చిరునామా చివర జేపీజీ అని ఉన్నా వెబ్‌పీనే ఇస్తాయి. ఏవీఐఎఫ్ అనే ఇంకో ఫొటో ఫార్మాట్ కూడా ఇలాగే వస్తోంది. నోట్‌ప్యాడ్ పరీక్షతో తేల్చుకుని, గింప్‌లో గానీ ఇర్ఫాన్‌వ్యూలో గానీ తెరిచి ఎగుమతి చేయండి. ఫొటోషాప్ అయితే 23.2 నుంచి వెబ్‌పీని సొంతంగానే తెరుస్తుంది.

జేపీజీలో పారదర్శకత అనేదే లేదు. ఖాళీ ఉన్నచోట ఏదో ఒక రంగు నింపాలి, కొన్ని సాఫ్ట్‌వేర్లు నలుపు నింపుతాయి, కొన్ని తెలుపు. అలాంటి బొమ్మల్ని పీఎన్‌జీకి మార్చండి. ఎర్ర అక్షరాలున్న లోగోలకీ అదే దారి. జేపీజీ రంగు వివరాలను సగానికి సగం పలచన చేస్తుంది గనక ఎరుపు అంచుల్లో తుప్పు పట్టినట్టుంటుంది. అయితే వాట్సాప్ స్టికర్ తెచ్చి ఫ్లెక్సీ మీద వేయమనే కస్టమర్‌కి ముందే చెప్పండి: స్టికర్ 512 x 512 పిక్సెళ్ల వెబ్‌పీ, 100 కేబీ లోపు. ఏ ఫార్మాట్‌కి మార్చినా ఆరడుగుల ఫ్లెక్సీకి అది చాలదు.

ప్రశ్న: హెచ్‌ఈఐసీని జేపీజీ చేశాక నిలువు ఫొటోలు కొన్ని అడ్డం తిరుగుతున్నాయి. (తెనాలి)

జవాబు: ఫోన్ ఫొటోని నిజంగా తిప్పదు, ‘ఇటు తిప్పి చూపించు’ అని ఒక గుర్తు రాస్తుంది. కన్వర్టర్ ఆ గుర్తుని తీసేస్తే అడ్డంగా మిగులుతుంది. పిక్సెళ్లను తిప్పాక కూడా గుర్తు చెరపకపోతే చూపించేటప్పుడు మళ్లీ తిరుగుతుంది. ఎక్స్‌ఎన్‌కన్వర్ట్‌లో యాక్షన్స్ ట్యాబ్‌లో గుర్తునిబట్టి ఆటోమేటిక్‌గా తిప్పే చర్యని ముందు చేర్చండి. మొత్తం ఫోల్డర్ నడపకముందు నిలువుగా తీసినవి రెండు, అడ్డంగా తీసినవి రెండు ఇచ్చి చూసుకోండి.

ప్రశ్న: పెళ్లి ఫొటోగ్రాఫర్‌ని. పాత ఆల్బమ్‌ల జేపీజీలతో హార్డ్‌డిస్కులు నిండిపోయాయి. అన్నిటినీ హెచ్‌ఈఐసీకో ఏవీఐఎఫ్‌కో మార్చి చోటు మిగుల్చుకోవచ్చా? కొత్త కానన్ కెమెరా ఒక్కోసారి హెచ్‌ఐఎఫ్ అనే ఫైళ్లు ఇస్తోంది, అదేమిటి? (విజయవాడ)

జవాబు: వద్దు. జేపీజీ చేసినప్పుడే కొంత వివరం పోయింది, మళ్లీ కుదిస్తే ఇంకొంత పోతుంది. పైగా రేపు ల్యాబ్‌కి ఇవ్వాలంటే తిరిగి జేపీజీ చేయాలి, అది మూడోసారి. 12 x 36 ఆల్బమ్ షీటంటే 300 డీపీఐలో 3600 x 10800 పిక్సెళ్లు. ఆ సైజులో పెళ్లికూతురి ముఖం మీద ఈ నష్టం బయటపడుతుంది. హెచ్‌ఈఐసీ నుంచి పీఎన్‌జీకి మార్చి ‘క్వాలిటీ పెంచాం’ అనుకోవడమూ భ్రమే, 2 ఎంబీది 20 ఎంబీ దాకా ఉబ్బుతుంది తప్ప కొత్త వివరమేదీ రాదు.

నష్టం లేకుండా కుదించేది ఒకటుంది, జేపీఈజీ ఎక్స్‌ఎల్. 2022లో అంతర్జాతీయ ప్రమాణమైంది. పాత జేపీజీని దాదాపు 20% తగ్గించి, కావాల్సినప్పుడు ఒక్క బైటు తేడా లేకుండా అదే జేపీజీని తిరిగి ఇస్తుంది. కానీ గూగుల్ క్రోమ్ ఒకసారి దాని మద్దతు తీసేసింది, ఆపిల్ సఫారీ 17లో చేర్చింది. మీ ల్యాబ్ సాఫ్ట్‌వేర్ తెరుస్తుందనే నమ్మకం లేదు. 20% కోసం ఇన్నేళ్ల ఆల్బమ్‌లని తిప్పడం కన్నా ఇంకో హార్డ్‌డిస్క్ కొనడమే చవక. ఏవీఐఎఫ్‌ని మీ వెబ్‌సైట్ గ్యాలరీకి వాడుకోండి, అక్కడ దానికి తిరుగులేదు.

హెచ్‌ఐఎఫ్ అంటే హెచ్‌ఈఐఎఫ్ కుటుంబమే. కెమెరాలో ‘హెచ్‌డీఆర్ పీక్యూ’ ఆన్‌లో ఉంటే జేపీజీకి బదులు 10 బిట్ల హెచ్‌ఐఎఫ్ వస్తుంది, ఆపేస్తే మామూలు జేపీజీ వస్తుంది. ఇప్పటికే తీసినవాటిని కంప్యూటర్‌లో మారిస్తే రంగులు బూడిద పూసినట్టు రావచ్చు, ఎందుకంటే పీక్యూ వెలుతురు లెక్క వేరు, మామూలు కన్వర్టర్లకి అది తెలియదు. ప్లేబ్యాక్ మెనూలో ‘హెచ్‌ఈఐఎఫ్ నుంచి జేపీఈజీ’ మార్పిడి ఉంటుంది, కార్డు ఖాళీ చేయకముందే అక్కడ మార్చుకోండి.